పరాయి మూలుగ, సొంత మనిషి

మూలుగ మార్పిడి తరవాత మనిషి ఇంటికి తిరిగొస్తాడు గానీ, అతని ఒంట్లో పారే రక్తం ఇంకొకరిది. అన్నకు చెల్లెలి మూలుగ ఎక్కిస్తే కొన్ని నెలల్లో అన్న రక్తం గ్రూపు చెల్లెలి గ్రూపుకు మారిపోతుంది. అతని తెల్లకణాల్లో స్త్రీ క్రోమోజోములు కనిపిస్తాయి. రక్తంలోంచి తీసిన డీఎన్ఏ ఆమెదని తేలుతుంది. చర్మం, గుండె, కండరాలు, బీజకణాలు మాత్రం అతనివే. ఒకే ఒంట్లో ఇద్దరి కణాలు కాపురముండే ఈ స్థితిని వైద్యులు కైమెరిజం అంటారు. రక్తసంబంధం అనే మాట మీద బంధుత్వాన్ని నిలబెట్టుకున్న సమాజంలో ఇది ప్రయోగశాలకే పరిమితమయ్యే సంగతి కాదు. తిరిగొచ్చిన మనిషి మునుపటి మనిషేనా? ప్రాణం నిలిపిన కణాలే ఒంటిని బాధిస్తుంటే ఆ మేలును ఏమనుకోవాలి? ఈ బాధ పూర్వకర్మ ఫలమా? మతమూ తత్వమూ జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఇవి.

మెట్టకూరు లాంటి ఊళ్లో ఈ ప్రశ్నలు మరీ దగ్గరగా వస్తాయి. గౌతమీ గోదావరి ఒడ్డున దాదాపు ముప్పై చదరపు కిలోమీటర్ల యానాంలో అదొక భాగం. చుట్టూ ఆంధ్ర నేల, పాలన పుదుచ్చేరిది. 2024 ఫిబ్రవరి 25న యానాంలో జిప్మర్ వారి 90 పడకల వైద్య విభాగం ప్రారంభమైంది గానీ, మూలుగ మార్పిడి చేయించుకోవాలంటే హైదరాబాదు, వెల్లూరు, పుదుచ్చేరి లాంటి దూరపు ఊళ్లకు వెళ్లాల్సిందే. దాత మూలుగ తీసుకున్నవాళ్లను సుమారు వంద రోజులు ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. అంటే రోగితో పాటు ఇంట్లో ఒకరిద్దరు పనులు మానుకుని, పరాయి ఊళ్లో గది అద్దెకు తీసుకుని, రోజూ రక్తకణాల ‘కౌంట్ ఎంతొచ్చింది’ అన్న ఒక్క మాట కోసం ఎదురు చూస్తారు. ఇక్కడ ఇంటివాళ్లు గుడిలోనో చర్చిలోనో మసీదులోనో మొక్కుకుంటారు. చివరికి గుమ్మంలో దిష్టి తీసి లోపలికి పిలిచిన రోజున ఊరంతా జబ్బు తీరిపోయిందనుకుంటుంది. వైద్యం లెక్కలో అది సగం దారి కూడా కాదు.

ఈ వైద్యం రెండు రకాలు. మైలోమా లాంటి జబ్బుల్లో రోగి మూలకణాలనే ముందుగా తీసి, గడ్డకట్టించి దాచి, గట్టి కీమో ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. దాచడానికి కలిపిన రసాయనం వల్ల ఒకటి రెండు రోజులు రోగి ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుంది. మనిషెవరన్న ప్రశ్న అక్కడ పుట్టదు. తీవ్రమైన ల్యూకేమియా, ఎప్లాస్టిక్ ఎనీమియా, థలసీమియా లాంటి వాటికి చాలాసార్లు దాత మూలుగే కావాలి. ముందు వారం రోజుల పాటు మందులతోనో రేడియేషన్‌తోనో రోగి సొంత మూలుగను తుడిచేస్తారు. ఆ తరవాత వచ్చేది సున్నా రోజు. మెడ కిందనో ఛాతీ మీదనో పెద్ద నరంలో పెట్టిన గొట్టం గుండా, మామూలుగా రక్తం ఎక్కించినట్టే, సంచీలోని ఎర్రటి ద్రవం గంటో రెండు గంటలో లోపలికి దిగుతుంది. కోత లేదు, కుట్టు లేదు. ఆ కణాలు రక్తంలో తిరిగి తిరిగి, వాటంతట అవే ఎముకల్లో చోటు వెతుక్కుంటాయి. కొత్త తెల్లకణాలు కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ లోగా నోటి లోపలి పొర ఊడిపోయి తన ఉమ్మి తానే మింగలేని రోజులుంటాయి. జుట్టు రాలుతుంది. జ్వరం వస్తే గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రుల్లో సున్నా రోజును రెండో పుట్టినరోజు అని కేకు కోయించే అలవాటుంది. ఆ మాట ఉత్త ఊరడింపు కాదు. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల రక్షణ చాలావరకు పోతుంది కనుక, కొన్ని నెలల తరవాత పసిపిల్లలకు వేసినట్టు మొదటి నుంచి మళ్లీ టీకాలు వేస్తారు. తట్టు లాంటి సజీవ టీకాలకైతే మామూలుగా రెండేళ్లు ఆగాలి.

ఇంటికి వచ్చాక మొదలయ్యేది ఇంకో అధ్యాయం. దాత నుంచి వచ్చిన రక్షణ కణాలు తామున్న ఒంటినే పరాయిదిగా చూసి దాడి చేస్తాయి. దాన్ని జీవీహెచ్‌డీ అంటారు. తొలి నెలల్లో వచ్చేది ఎక్కువగా చర్మాన్నీ పేగులనూ కాలేయాన్నీ పడుతుంది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి, విరేచనాలు ఆగవు, కళ్లు పచ్చబడతాయి. తరవాత వచ్చే దీర్ఘకాలపు రకంలో కన్నీరు ఇంకిపోయి కంట్లో ఇసుక పడ్డట్టుంటుంది, నోరు ఎండిపోయి ఆవకాయ సంగతలా ఉంచి చారన్నం కూడా మంటపుడుతుంది, చర్మం బిగుసుకుని మోకాలు వంగదు, కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దాన్ని అణచడానికి ఇచ్చే స్టెరాయిడ్లు ముఖాన్ని ఉబ్బిస్తాయి, చక్కెర పెంచుతాయి, నిద్ర చెడగొడతాయి, శాంతంగా ఉండే మనిషికి కూడా చిరాకు తెప్పిస్తాయి. నీరసం ఏడాది దాటినా వదలకపోవచ్చు. నిన్న చెప్పిన మాట ఈ రోజు గుర్తుండదు. పిల్లలు పుట్టే శక్తి చాలామందికి పోతుంది. ‘బాగైపోయాడు కదా, ఇంకా ఆ నీరసమేమిటి’ అని చూడవచ్చినవాళ్లు అనే మాట ఇంటివాళ్లను ఎంత కుంగదీస్తుందో వాళ్లకే తెలుసు.

ఇక్కడే ఈ వైద్యంలోని అసలు విశేషం ఉంది. తత్వవిచారానికి దీనికంటే పెద్ద ఆధారం దొరకదు. ల్యూకేమియా రోగికి అచ్చంగా తనలాంటి కవల మూలుగ దొరికితే అంతకంటే అదృష్టం లేదనిపిస్తుంది. నిజంగానే అలాంటి మార్పిడిలో ఈ దాడి దాదాపుగా ఉండదు. కానీ జబ్బు తిరగబెట్టడం మాత్రం ఎక్కువ. దాత కణాలు కొంచెం వేరుగా ఉంటేనే, కీమోకు చిక్కకుండా దాక్కున్న క్యాన్సర్ కణాన్ని అవి పరాయిదిగా గుర్తుపట్టి చంపగలవు. చర్మాన్ని కాల్చే చూపూ జబ్బును పట్టే చూపూ ఒకటే. మందుగా పనిచేసింది కణాలు మాత్రమే కాదు, వాటిలోని పరాయితనం. మేలును కీడు నుంచి విడదీసి ఉంచుకోవాలని వైద్యులు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. కొంత సాధించారు, పూర్తిగా కాదు.

ఆ ప్రయత్నంలో గోదావరి సీమ పాలు కూడా ఉంది. ల్యూకేమియా రోగులకు కవలల మూలుగ ఎక్కించి ఈ చికిత్సకు దారి వేసిన అమెరికా వైద్యుడు డోనాల్ థామస్ తొలి ప్రయత్నాల ఫలితాలను 1957లో ప్రకటించారు, 1990లో నోబెల్ అందుకున్నారు. మన దేశంలో 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో, 1986లో వెల్లూరు సీఎంసీలో ఈ వైద్యం మొదలైంది. దాత కణాల దాడిని ఆపడానికి సున్నా రోజు తరవాత ఒకటో, మూడో, ఆరో, పదకొండో రోజుల్లో చిన్న మోతాదుల్లో మెథోట్రెక్సేట్ ఇచ్చే పద్ధతి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. ఆ మందు యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పరిశోధనల్లోంచి పుట్టింది. ఆయన 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్నారు. సోదరులను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్నారు. కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకుని, ఆ దారి సాగక వైద్యం చదివారు. అమెరికా ప్రయాణానికి మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండగా నిలిచింది. సత్యలింగం నాయకర్ పుట్టిన కోరంగి యానాం పక్క ఊరే. రంగూన్‌లో సంపాదించిన ఆయన ఆస్తి ధర్మంగా మారి ఒక యువకుణ్ణి ఓడ ఎక్కించింది. 1948లో సుబ్బారావు కన్నుమూసేనాటికి మూలుగ మార్పిడి అనే వైద్యమే లేదు. తాము చూడని మనుషుల కోసం చేసిన పని ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ ఒక్క వరస చాలు.

మనిషి మారాడా అన్న ప్రశ్నకు భారతీయ తత్వంలో అతి పదునైన కథ నాగార్జునుడి పేరు మీద ఉంది. కుమారజీవుడు ఐదో శతాబ్ది మొదట్లో చైనా భాషలోకి మార్చిన మహాప్రజ్ఞాపారమితా వ్యాఖ్యానంలో అది కనిపిస్తుంది. ఆ గ్రంథం నిజంగా నాగార్జునుడిదేనా అని పండితుల్లో సందేహముంది. కథ విలువకు దానితో పని లేదు. ఒక బాటసారి పాడుబడ్డ ఇంట్లో రాత్రి తలదాచుకుంటాడు. ఒక పిశాచం శవాన్ని మోసుకుని లోపలికి వస్తుంది, వెనకే ఇంకొకటి వచ్చి ఆ శవం తనదంటుంది. సాక్ష్యం అడిగితే బాటసారి నిజమే చెబుతాడు, మొదటిదే తెచ్చిందని. రెండోది కోపంతో అతని చెయ్యి పీకేస్తుంది. మొదటిది జాలిపడి శవం చెయ్యి తెచ్చి అతికిస్తుంది. రెండో చెయ్యి, కాళ్లు, పక్కటెముకలు, తల, అన్నీ అలాగే మారిపోతాయి. ఊడిన దేహాన్ని రెండూ కలిసి తినేసి, మూతి తుడుచుకుని పోతాయి. తెల్లారాక బాటసారికి ఒకటే దిగులు: తల్లి కడుపున పుట్టిన ఒళ్లు కళ్లముందే తినేశారు, ఇప్పుడున్నది పరాయి ఒళ్లు, మరి తనకు ఒళ్లు ఉన్నట్టా లేనట్టా? ముందు ఊళ్లో ఉన్న భిక్షువులను అదే అడుగుతాడు. వాళ్ల జవాబు అతని ప్రశ్ననే తిరగేస్తుంది. ఇప్పటి దేహమే కాదు, మునుపటిది కూడా నాలుగు మహాభూతాలు కలిసి ఏర్పడ్డదే, అప్పుడూ అది ‘నాది’ కాదు, ఇప్పుడూ కాదు.

నాగార్జునకొండ మీదా అమరావతిలోనూ కోనసీమ ఆదుర్రులోనూ స్తూపాలు కట్టుకున్న నేలకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పైపైన చూస్తే కరకుగా వినిపించే ఆ జవాబులో ఊరట ఉంది. మునుపటి మనిషి అంటూ మారకుండా నిలిచిన దినుసు ఏదీ లేనప్పుడు, అది పోయిందని ఏడవాల్సిన పని కూడా లేదు. ఉన్నది ఒక ధార. అందులో నిన్నటి కణాలు కొన్ని, చెల్లెలు ఇచ్చినవి కొన్ని, మందులు, నర్సు చేతి చలవ, భార్య వండిన మెత్తటి అన్నం, అన్నీ కలిసి నడుస్తుంటాయి. వేదాంతం వేరే దారిలో వెళ్తుంది. అన్నమయ కోశం ఎంత మారినా సాక్షి మారడు, క్షేత్రం వేరు, దాన్ని తెలుసుకునేవాడు వేరు అంటుంది. గోదావరి జిల్లాల ఇళ్లలో ఎక్కువమంది నమ్మేది ఇదే, కష్టంలో పట్టుకోవడానికి ఆసరా అయ్యేదీ ఇదే. కానీ ఆత్మకు ఏమీ కాలేదన్న మాట, స్టెరాయిడ్ల మీద మూడో నెలలో కారణం లేకుండా భార్య మీద అరిచి, తరవాత కుమిలిపోతున్న మనిషికి సగం జవాబే. మారింది ఒంటి భాగాలే కాదు, ఓర్పు మారింది, జ్ఞాపకం మారింది, రుచి మారింది. ఆ మార్పును దాటవేయకుండా లెక్కలోకి తీసుకున్నందుకు నాగార్జునుడి కథే ఇక్కడ ఎక్కువ అక్కరకొస్తుంది.

దేహం మొదటి నుంచీ అచ్చంగా ఒకరిది కాదన్న మాటకు ఇరవయ్యో శతాబ్ది జీవశాస్త్రం కూడా సాక్ష్యం పలికింది. 1945లో రే ఓవెన్ అనే శాస్త్రవేత్త కవల దూడలను పరీక్షించి, గర్భంలో రక్తనాళాలు కలిసినందువల్ల ఒకదాని రక్తకణాలు ఇంకొకదానిలో పెద్దయ్యాక కూడా బతుకుతున్నాయని చూపించారు. 1953లో పీటర్ మెడవార్ బృందం, పుట్టకముందే పరాయి కణాలు పరిచయమైన ఎలుక, పెద్దయ్యాక ఆ పరాయి చర్మాన్ని తోసిపుచ్చదని నిరూపించింది. 1996లో డయానా బియాంకి బృందం ఇంకా ముందుకు వెళ్లింది. కొడుకును కన్న తల్లుల రక్తంలో బిడ్డ కణాలు దశాబ్దాల తరవాత కూడా ఉన్నాయని కనుక్కుంది. తల్లి ఒంట్లో బిడ్డ, బిడ్డ ఒంట్లో తల్లి ఎంతోకొంత మిగిలే ఉంటారు. మూలుగ మార్పిడి ప్రకృతికి అడ్డంగా చేసిన పని కాదు, ప్రకృతి కొద్దికొద్దిగా చేసేదాన్ని మనుషులు పూనుకుని పెద్దయెత్తున చేయడం.

బంధుత్వం సంగతి ధర్మశాస్త్రం ప్రకారం చూడాలంటే మితాక్షరను చూడాలి. ఆంధ్రదేశంలో తరతరాలుగా ప్రమాణంగా నిలిచిన ఈ వ్యాఖ్యలో విజ్ఞానేశ్వరుడు సపిండత్వాన్ని పిండప్రదానంతో కాక, ఒకే దేహపు అంశాలు పంచుకోవడంతో నిర్వచించాడు. తండ్రి వైపు ఏడు తరాలు, తల్లి వైపు ఐదు తరాలు అన్న హద్దును కూడా అక్కడే వివరించాడు. ఆ లెక్కన దాతల రిజిస్ట్రీలో దొరికిన ముక్కూ మొహం తెలియని దాత మూలుగ ఒంట్లో ఉంటే, అతను సపిండుడు అవుతాడా? గోత్రం మారుతుందా? మారదు. మితాక్షర చెప్పే పంపకం పుట్టుక ద్వారా వచ్చేది. పెళ్లితోనో దత్తతతోనో గోత్రం మారాలన్నా దానికి సంస్కారం జరగాలి, రక్తం కలిసినంత మాత్రాన చాలదు. బీజకణాలు దాతవి కావు కనుక పుట్టబోయే సంతతి విషయంలో కూడా చిక్కు లేదు. తర్పణం ఎవరి గోత్రంతో వదలాలో అనే బెంగ అక్కర్లేదు. అయితే దాతకు ఏ స్థానమూ లేదని కాదు. దాన్ని గోత్రంలో వెతకకూడదు, కృతజ్ఞతలో వెతకాలి.

దాత విషయంలో పురాణాల్లో ముందుగా గుర్తొచ్చేది దధీచి. వజ్రాయుధం కోసం ఎముకలిచ్చి దేహం వదిలినవాడు. పావురం కోసం తొడ మాంసం కోసిచ్చిన శిబి ఆ పక్కనే నిలబడతాడు. మూలుగ దానం వాటికంటే చిన్నది, ఒక విధంగా వింతైనది కూడా: ఇచ్చినవాడిలో కొద్దివారాల్లోనే మళ్లీ ఊరిపోతుంది. అందుకే దాతను వీరుణ్ణి చేసి పొగడటం కంటే, అతనికి వచ్చే అసలు బాధను పట్టించుకోవడం మేలు. ‘నా కణాలే అన్నయ్యను కాల్చేస్తున్నాయి’ అని చెల్లెలు లోలోపల నలిగిపోతుంది. ఈ నేరభావానికి చోటు లేదు. ఆమె కణాలకు కోపం లేదు, ద్వేషం లేదు, వాటికి నేర్పిన పని అవి చేస్తున్నాయి. కర్మకు సంకల్పం మూలమని వైదికులూ బౌద్ధులూ జైనులూ వేర్వేరు మోతాదుల్లో అంగీకరించారు. ఆమె సంకల్పం అన్న బతకాలన్నదే. పైగా ఆ మంట పుట్టించిన తేడాయే అతని ల్యూకేమియాను కాపలా కాస్తోంది.

ఎవరి పాపమో అనుభవిస్తున్నాడనే మాట ఇంకా కరకైనది. అది చాలాసార్లు చూడవచ్చిన పెద్దవాళ్ల నోటే వస్తుంది. బుద్ధుడిని సీవకుడనే పరివ్రాజకుడు సరిగ్గా ఈ సంగతే అడిగాడు: మనిషి అనుభవించేదంతా వెనకటి కర్మ ఫలమేనా? బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, పథ్యం తప్పడం, బయటి దెబ్బ, చివరికి కర్మఫలం. ఎనిమిదిలో అది ఒకటి మాత్రమే. చరకుడు కూడా దైవానికీ పురుషకారానికీ వేర్వేరు చోట్లిచ్చాడు, అంతా దైవమే అయితే వైద్యమే దండగ కనుక. బైబిల్లో యోబు స్నేహితులు అతని బాధకు అతని పాపమే కారణమని వాదిస్తారు, చివర్లో దేవుడు ఆ స్నేహితులనే తప్పు పడతాడు. మూడు సంప్రదాయాలు ఇంత స్పష్టంగా చెప్పాక కూడా రోగి మంచం పక్కన నిలబడి పాపపుణ్యాలు తూచడం భక్తి కాదు, క్రూరత్వం.

ఇంటి ఆచారాల దగ్గరికి వస్తే ప్రశ్నలు మరీ నిత్యజీవితానివి. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నన్నాళ్లూ పచ్చి పాలు, కొబ్బరి పచ్చడి, కడగని పండ్లు, బయట వండిన ప్రసాదం వద్దంటారు. పూలమాలలు, కుండీ మట్టి, వాసాల మీది దుమ్ము, తడిసిన గడ్డి, కొబ్బరిపీచు దగ్గరికి పోవద్దంటారు. వాటి మీద ఉండే బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. చుట్టూ కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్న ఊళ్లో ఈ నియమం పాటించడం మాటలు కాదు. జాతరలోనో కల్యాణోత్సవంలోనో జనంలోకి వెళ్లకూడదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి, ఆ వేళకు ఇంకా మందుల మీదున్నవాళ్లు నదిలో మునగకూడదు. ఇది దైవాపరాధం అవుతుందేమోనని ముసలి తల్లి భయపడితే, ధర్మశాస్త్రమే ఆమెకు ధైర్యం చెబుతుంది. స్నానాలను ఏడు రకాలుగా చెబుతూ నీళ్లు అక్కర్లేని మానస స్నానాన్ని కూడా అందులో చేర్చారు, రోగికీ అశక్తుడికీ ఆపద్ధర్మాన్ని విధించారు. ఇస్లాంలో నీళ్లు పడనివారికి తయమ్ముమ్ ఉంది, రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. కతోలిక గురువు గుడికి రాలేనివారి ఇంటికే సత్‌ప్రసాదం తెస్తారు. తలనీలాల మొక్కు విషయంలో తొందర అక్కర్లేదు. కీమోకు రాలిన జుట్టు మొక్కు కింద జమ కాదని బెంగపడేవాళ్లున్నారు. జుట్టు మళ్లీ వస్తుంది, మొక్కుకు గడువు లేదు.

కాలం గడిచాక కైమెరిజం పరీక్ష ఒకటి మిగులుతుంది. రక్తంలో దాత కణాలు నూటికి నూరు ఉన్నాయా, రోగివి తిరిగి కనబడుతున్నాయా అని చూస్తారు. ల్యూకేమియా రోగుల్లో సొంత కణాలు తిరిగి పెరగడం శుభవార్త కాదు, జబ్బు తిరిగొస్తోందనడానికి తొలి గుర్తు కావచ్చు. తను తనకు పూర్తిగా తిరిగి రావడమే అపాయం. ఆ పరిస్థితిలో వైద్యులు రోగనిరోధక శక్తిని అణచే మందులు తగ్గించి చూస్తారు, కొన్నిసార్లు దాత దగ్గరికే మళ్లీ వెళ్లి తెల్లకణాలు అడుగుతారు. ఒకసారి ఇచ్చిన చెల్లెల్ని రెండోసారి అడగడం అంత తేలికైన విషయం కాదు. ఇప్పుడు ఆమెకు అత్తిల్లు ఉంది, చంకలో పాప ఉండవచ్చు, మొదటిసారి జరిగిన దాని తాలూకు భయం ఉంది. మొదటి అంగీకారం రెండోదానికి చెల్లదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, పెద్దలెవరూ పక్కన లేకుండా, కాదనే వీలుందని చెప్పి అడగాలి. ఔననే హక్కు ఎంతో, కాదనే హక్కూ అంతే. ఆమె కాదంటే కారణం అడగకుండా ఊరుకోవడం, ఆ మాట అన్నయ్య చెవిన నిందగా పడకుండా చూడటం ఇంటివాళ్ల వంతు.